వీధి పేరు వెనక వకీలు: హెన్రీ కోబర్న్, ఆయన ఇంటివాళ్ళు

మీ ప్రశ్న బాగుంది. ఎడిన్‌బరాకి చదువుకోడానికి వచ్చారు, రోజూ వేవర్లీ స్టేషన్ దగ్గర్నుంచి ఆ వంపు తిరిగిన వీధి ఎక్కి హై స్ట్రీట్‌కి వెళ్తున్నారు. ఆ వీధి ఎవరి పేరు మీద ఉంది, ఆయన్ని ఒకరు వకీలంటారు, ఒకరు జడ్జి అంటారు, ఇంకొకరు పాత కట్టడాలు కాపాడినాయన అంటారు, ఇందులో ఏది నిజం, ఆయన కుటుంబం ఎలాంటిది, మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా అని అడిగారు. గుంటూరు కోర్టులో కొన్నాళ్ళు నల్లకోటు వేసుకుని, తర్వాత ఈ ఊరొచ్చి స్థిరపడినవాణ్ణి. ఇక్కడి కోర్టుల చరిత్ర చదవడం ఇరవై ఏళ్ళుగా నాకున్న పిచ్చి. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు పేరు సంగతి. రాసేటప్పుడు మధ్యలో 'క్' ఉంటుంది, పలికేటప్పుడు ఉండదు. కోబర్న్ అనాలి. కొత్తలో నేను టాక్సీ ఎక్కి 'కాక్‌బర్న్ స్ట్రీట్' అన్నాను. డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాపుకున్నాడు, అంతే, మళ్ళీ అనలేదు.

ఇంకో జాగ్రత్త. వెతికితే అదే ఇంటిపేరుతో బోలెడుమంది దొరుకుతారు. ఇంగ్లండ్‌కి లార్డ్ చీఫ్ జస్టిస్ అయిన అలెగ్జాండర్ కోబర్న్ వేరు. 1814లో వాషింగ్టన్ తగలబడినప్పుడు అక్కడున్న అడ్మిరల్ జార్జ్ కోబర్న్ వేరు. ఏర్కాడు వెళ్తే వినిపించే సేలం కలెక్టరు కోబర్న్ కూడా వేరే. మీ వీధి మనిషి హెన్రీ కోబర్న్, 1779 అక్టోబర్ 26న పుట్టి 1854 ఏప్రిల్ 26న పోయినాయన.

తండ్రి ఆర్చిబాల్డ్ కోబర్న్. మిడ్‌లోథియన్ జిల్లాకి షెరిఫ్, అంటే అక్కడి లెక్కలో జిల్లా జడ్జి లాంటివాడు. తర్వాత సర్కారు ఆదాయం కేసులు చూసే ఎక్స్‌చెకర్ కోర్టులో బ్యారన్, అంటే జడ్జి, అయ్యాడు. పక్కా టోరీ, అంటే డండాస్ పార్టీ మనిషి, ఆ డండాస్ ఎవరో ఇప్పుడే చెప్తాను. తల్లి జానెట్ రానీ, మెల్విల్ కాసిల్ సొంతదారుడైన కెప్టెన్ డేవిడ్ రానీ కూతురు. అసలు కథ ఈ తల్లివైపు నుంచే మొదలవుతుంది, ఎందుకంటే ఆమె తోబుట్టువు ఎలిజబెత్‌ని చేసుకున్నవాడు హెన్రీ డండాస్.

సెయింట్ ఆండ్రూ స్క్వేర్‌లో మేఘాల్లోకి పొడుచుకుపోయినట్టు స్తంభమొకటి ఉంటుంది చూశారా, దాని మీద నిలబడినాయనే డండాస్. ఆ రోజుల్లో స్కాట్లండ్‌లో ఆయన మాట లేకుండా ఆకు కదిలేది కాదు. పార్లమెంటు సీటు, జడ్జి పదవి, చర్చి ఫాదరీ ఉద్యోగం, కస్టమ్స్ గుమాస్తా పని, ఏదైనా ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. ఇండియా ఉద్యోగాలూ అంతే. ఈస్టిండియా కంపెనీ మీద అజమాయిషీకి 1784లో పెట్టిన బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌లో మొదటినుంచీ చక్రం తిప్పింది ఆయనే, 1793 నుంచి 1801 దాకా పేరుకి కూడా ఆయనే అధ్యక్షుడు. మా గుంటూరు సర్కారు నిజాం చేతిలోంచి కంపెనీ చేతికి పోయింది 1788లో. అప్పుడు లండన్‌లో ఆ ఫైళ్ళు చూస్తున్నది మీ వీధి మనిషి పెదనాన్నో బాబాయో అనుకోండి, మన వరసలో. మన దేశంతో సంబంధం అడిగారుగా, మొదటిది ఇది. రెండోది చివర్లో చెప్తాను.

ఆ ఎలిజబెత్ గురించి కూడా చెప్పాలి. చరిత్ర పుస్తకాలు ఆమెని ఒక వాక్యంలో తేల్చేస్తాయి, నాకది నచ్చదు. పెళ్ళి 1765లో. భర్త ఎప్పుడూ లండన్ రాజకీయాల్లో. ఆమె ఒక సైనికాధికారితో వెళ్ళిపోయింది, 1778లో విడాకులయ్యాయి. అప్పటి చట్టం ప్రకారం ఆమె పుట్టింటి ఆస్తి, ఆ కోటతో సహా, భర్తకే ఉండిపోయింది. పిల్లల్ని మళ్ళీ చూడనివ్వలేదు. హెన్రీ కోబర్న్ పుట్టింది దీని తర్వాత ఏడాదికి. ఇంట్లో ఒక ఆడమనిషి పేరు పలకడం మానేశారు, ఆమె ఆస్తి మీద కూర్చున్న అల్లుడు మాత్రం కుటుంబానికి పెద్దదిక్కుగా మిగిలాడు. ఆ వాతావరణంలో పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక ఆ పెద్దదిక్కు పార్టీకే ఎదురుతిరిగాడు. ఈ రెంటికీ ముడి ఉందని నేననను, ఆయన రాసినదాంట్లో అలాంటిదేమీ కనబడదు. కానీ ఆ ఇల్లు ఎలాంటిదో తెలియకపోతే ఆయన చేసిన పని ఎంత కష్టమో అర్థం కాదు.

తను బహుశా పార్లమెంట్ క్లోజ్‌లోని ఎత్తయిన మేడల్లో ఒక వాటాలో పుట్టి ఉంటానని కోబర్న్ రాసుకున్నాడు. సెయింట్ జైల్స్ చర్చి వెనక ఉన్న ఆవరణే అది. కోర్టులు అక్కడే. పుట్టిన చోటి పక్కనే జీవితమంతా వాదించి, తర్వాత అక్కడే తీర్పులు చెప్పాడన్నమాట. చదువు ఈ ఊళ్ళోనే 'హై స్కూల్' అనే పేరున్న పాత బడిలో. నాలుగేళ్ళలో దెబ్బలు తినని రోజులు పది కూడా ఉండవన్నంతగా ఆ బడిని తిట్టిపోశాడు. ఆ కసి ఉత్తినే పోలేదు. 1824లో లెనర్డ్ హార్నర్‌తో కలిసి ఎడిన్‌బరా అకాడమీ అనే కొత్త బడి పెట్టినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది.

1800లో అడ్వకేట్‌గా పేరు నమోదు చేసుకున్నాడు. ఇక్కడ అడ్వకేట్ అంటే పై కోర్టుల్లో వాదించే హక్కున్న వకీలు. మన దగ్గరలా ఎవరైనా ఎక్కడైనా వకాలత్ వేసేయడం కుదరదు. అప్పటికే స్నేహితుల బృందం తయారైంది. ఫ్రాన్సిస్ జెఫ్రీ, హెన్రీ బ్రూమ్, ఫ్రాన్సిస్ హార్నర్. ఈ ముగ్గురూ సిడ్నీ స్మిత్‌తో కలిసి 1802లో ఎడిన్‌బరా రివ్యూ అనే పత్రిక మొదలుపెట్టినవాళ్ళు. అందరూ విగ్గులు. (నెత్తిన పెట్టుకునేది కాదు, టోరీలకి ఎదురుపార్టీ పేరు. అయితే కోర్టులో అదీ పెట్టుకునేవాళ్ళే.) డండాస్ రాజ్యంలో విగ్గు వకీలంటే ప్రభుత్వ కేసు ఒక్కటి రాదు, జడ్జి కావడం కల్ల. తండ్రి టోరీ, పెద్దదిక్కు డండాస్, కొడుకు మాత్రం ఈ గుంపులో తిరుగుతున్నాడు. భోజనాల బల్ల దగ్గర ఎలా ఉండేదో ఊహించుకోండి.

డండాస్ కూడా తెలివైనవాడే. కుర్రాణ్ణి దారికి తెచ్చుకుందామని 1807లో అడ్వకేట్ డెప్యూట్ పదవి ఇప్పించాడు, అంటే ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపే వకీలు. పదవి తీసుకున్నాడు, పార్టీ మాత్రం మారలేదు. 1810లో పీకేశారు. రాజకీయ కారణాలతో ఉద్యోగం పోవడం తనకి దక్కిన గౌరవం అని తర్వాత రాసుకున్నాడు. నన్నడిగితే ఆయన జీవితంలో మలుపు ఇదే. తీసుకోకుండా ఉంటే శుభ్రంగా ఉండేది కదా అని కొందరంటారు. ఇంటిపెద్ద ఇచ్చింది మొహం మీద విసిరికొట్టడం అంత తేలిక కాదని మనకి ఒకరు చెప్పాలా?

పదవి పోయిన మరుసటేడు, 1811లో, ఎలిజబెత్ మాక్‌డోవల్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఊరికి నైరుతి దిక్కున, పెంట్లండ్ కొండల కింద, బొనాలీ అనే చోట ఓ రైతు ఇల్లు పట్టాడు. పట్నంలో షార్లెట్ స్క్వేర్ 14వ నంబరు ఇల్లు ఉండేది, కోర్టు నడిచే రోజుల్లో అక్కడ, సెలవుల్లో బొనాలీలో. నలభై ఏళ్ళకి పైగా ఆ కొండ కిందే చెట్లు నాటాడు, రాళ్ళు ఏరించాడు, చివరికి 1830ల్లో ఆర్కిటెక్ట్ విలియం ప్లేఫెయిర్ చేత ఇంటికి బురుజు కట్టించాడు. వాగులూ కొండలూ నాలుగు పాత చెట్లూ తప్ప మిగతాదంతా తన చేత్తో చేసుకున్నదేనని చెప్పుకునేవాడు. బురుజు ఇప్పటికీ ఉంది, ప్రైవేటు ఇళ్ళుగా మారింది, కాబట్టి గేటు దాకా వెళ్ళి చూసి రావాలంతే. ఆ పక్కనుంచి కొండ ఎక్కే దారి మాత్రం అందరిదీ.

పెద్ద కుటుంబం. 1840ల్లో హిల్, ఆడమ్సన్ అనే ఇద్దరు, ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో, బొనాలీలో ఇంటివాళ్ళనీ స్నేహితుల్నీ నిలబెట్టి తీసిన చిత్రాలున్నాయి. ఉప్పు పూసిన కాగితం మీద గోధుమరంగులో మసకగా. కదలకుండా చాలాసేపు ఉండాల్సి వచ్చేది కాబట్టి ఎవరో ఒకరికి ఆనుకునే కనిపిస్తారు ఆ కాలపు మనుషులు. జడ్జిగారి కుటుంబం అనిపించదు, తీర్థానికి వెళ్ళి చెట్టు కింద కూలబడ్డవాళ్ళలా ఉంటారు.

ఇప్పుడు వకీలుగా ఆయన సంగతి. పర్యాటకులకి ఊరు తిప్పి చూపించే గైడ్లు ఇక్కడ గంతేసి నేరుగా పాత కట్టడాల దగ్గరికి పోతారు, అక్కడే నాకు చిరాకు. ఆయన కాలం వకీళ్ళు చాలామంది ఇంగ్లండ్ యాస అరువు తెచ్చుకుని మాట్లాడేవాళ్ళు. కోబర్న్ మాత్రం జూరీ ముందు అచ్చమైన స్కాట్స్‌లో మాట్లాడేవాడు. పదిహేనుమంది జూరీ, అందులో దుకాణదారులు, రైతులు. వాళ్ళ ఇంటి మాటల్లో కేసు చెప్తే వాళ్ళ మనసు ఎటు పోతుందో మీకు తెలుసు. మా గుంటూరు బార్‌లో ఓ పెద్దాయన ఉండేవాడు, సాక్షిని 'ఏందబ్బాయ్' అని పలకరించగానే సగం కేసు గెలిచేవాడు. కోబర్న్ అలాంటివాడు.

ఆయన పేరు ఎక్కువగా వినపడే కేసు బర్క్, హేర్‌లది. అనాటమీ పాఠాల్లో కోతకి శవాలు అమ్ముకోడానికి పదహారుమందిని చంపిన కేసు. హేర్ ప్రభుత్వ సాక్షిగా మారాడు. ముద్దాయిలుగా మిగిలింది విలియం బర్క్, అతనితో కాపురం చేస్తున్న హెలెన్ మెక్‌డూగల్. ఆమె తరఫున కోబర్న్. 1828 డిసెంబర్ 24 ఉదయం పదింటికి మొదలైన విచారణ ఆగకుండా క్రిస్మస్ పొద్దుటిదాకా నడిచింది. గాలి ఆడాలని పెద్ద కిటికీ ఒకటి తెరిపించారు, ఆ రాత్రంతా చలిగాలి దూసుకొస్తుంటే వకీళ్ళు గౌన్లు తలకి చుట్టుకుని కూర్చున్నారు. హేర్‌ని అడ్డు ప్రశ్నలు వేసింది కోబర్నే. ఇంతకుముందు ఇంకా హత్యల్లో ఉన్నావా అని అడిగితే, జవాబు చెప్పనక్కర్లేదని కోర్టు హేర్‌కి చెప్పింది. హేర్ భార్య కోరింతదగ్గుతో ఉన్న బిడ్డని ఎత్తుకుని బోనెక్కింది. ఇబ్బంది ప్రశ్న వచ్చినప్పుడల్లా బిడ్డ దగ్గు ఆమెకి పనికొచ్చింది. తెల్లవారుజామున కోబర్న్ లేచి, ఈ సాక్షులు ఎలాంటివాళ్ళో జూరీకి విప్పి చూపించాడు. తెలిసి ఊరుకోవడం వేరు, చేతులు కలపడం వేరు అన్నది వాదన. జూరీ యాభై నిమిషాల్లో తిరిగొచ్చింది. బర్క్‌కి ఉరి. హెలెన్ విషయంలో 'రుజువు కాలేదు'.

ఈ మాట మన చట్టంలో లేదు. ఇక్కడ మూడు రకాల తీర్పులుండేవి: దోషి, నిర్దోషి, రుజువు కాలేదు. మూడోది వస్తే మనిషి బయటికి నడిచిపోవచ్చు, ఊరు మాత్రం నమ్మదు. హెలెన్‌ని జనం వెంటపడి తరిమారు. వకీలు పని కోర్టు గుమ్మం దాకానే.

1830లో విగ్గులు అధికారంలోకి వచ్చారు. జెఫ్రీ లార్డ్ అడ్వకేట్, అంటే స్కాట్లండ్‌లో ప్రభుత్వ ప్రధాన వకీలు, కోబర్న్ ఆయన తర్వాతి స్థానంలో సొలిసిటర్ జనరల్. ఓటుహక్కు పెంచిన 1832 నాటి స్కాట్లండ్ సంస్కరణ బిల్లు రాయడంలో ఎక్కువ చెయ్యి కోబర్న్‌ది. దాని విలువ తెలియాలంటే రెండు అంకెలు చాలు. 1832కి ముందు స్కాట్లండ్ మొత్తానికి ఓటర్లు దాదాపు 4,500. తర్వాత దాదాపు 65,000. అంతకుముందు రాజధాని ఎడిన్‌బరాకి ఎంపీని ఎన్నుకునేది 33 మంది ఉన్న మున్సిపల్ కౌన్సిల్. ఆ కౌన్సిల్ తన వారసుల్ని తనే ఎన్నుకునేది, జనంతో పని లేదు. పార్లమెంట్ హౌస్ పక్కనే పైకప్పు తక్కువగా, చీకటిగా, మురికిగా ఉన్న గదిలో ఆ పెద్దమనుషులు కూర్చుని ఊరిని ఏలిన తీరుని కోబర్న్ తన జ్ఞాపకాల్లో రాశాడు. అది చదువుతుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. ఆ ఏలుబడి ఫలితం 1833లో తేలింది: ఎడిన్‌బరా నగరం దివాలా తీసింది. లీత్ రేవు పనులకి చేసిన అప్పులు మెడకి చుట్టుకున్నాయి.

1834లో కోర్ట్ ఆఫ్ సెషన్, అంటే స్కాట్లండ్ పై సివిల్ కోర్టు, జడ్జి అయ్యాడు. లార్డ్ కోబర్న్ అన్నది అప్పటి నుంచే. అది జడ్జి పదవితో వచ్చే గౌరవం, కొడుకులకి దిగే బిరుదు కాదు, వంశవృక్షం గీసేటప్పుడు చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు. 1837లో క్రిమినల్ కోర్టు బాధ్యత కూడా వచ్చింది. ఏడాదికోసారి రెండుసార్లు బండి కట్టుకుని ఊరూరూ తిరిగి కేసులు వినాలి. చాలాసార్లు భార్యనీ కూతుళ్ళనీ వెంటేసుకుని పోయేవాడు. పొద్దున కోర్టు, సాయంత్రం ఏ శిథిలమైన మఠమో చూడ్డం, రాత్రి సత్రంలో కూర్చుని ఆ ఊరి భోజనాన్నీ పరుపుల్నీ తిడుతూ డైరీ రాసుకోవడం.

కట్టడాల సంగతి ఇప్పుడు అర్థమవుతుంది మీకు. ప్రిన్సెస్ స్ట్రీట్‌కి ఒకవైపు ఇళ్ళు లేకుండా కోట కనబడుతుందే, అది దానంతటది మిగిలింది కాదు, తరాలుగా కోర్టుల్లోనూ పార్లమెంటులోనూ కొట్లాడి మిగుల్చుకున్నది. 1817 నాటికే, నార్త్ బ్రిడ్జ్ పక్కన లేపిన మేడల మీద గొడవలో కోబర్న్ ఉన్నాడు. ఆ వీధికీ కోటకీ మధ్య ఉన్న లోయలోకి రైలు వచ్చాక ఆయన భయపడ్డదే జరిగింది. ఇప్పటి వేవర్లీ స్టేషన్ చోట పదిహేనో శతాబ్దపు ట్రినిటీ కాలేజ్ చర్చి ఉండేది. 1848లో రైలు కంపెనీ కోసం పడగొట్టారు. మళ్ళీ కడతామని రాళ్ళకి అంకెలు వేసి కాల్టన్ కొండ మీద పేర్చారు. ఏళ్ళు గడిచేకొద్దీ రాళ్ళు మాయమవుతూ వచ్చాయి. మిగిలినవాటితో 1870ల్లో చర్చిలో ఒక ముక్క మాత్రం కట్టారు. హై స్ట్రీట్‌లో చామర్స్ క్లోజ్‌లోకి దిగండి, గోడ మీద కొన్ని రాళ్ళకి ఆ అంకెలు ఇంకా కనిపిస్తాయి.

చర్చి పడగొట్టిన మరుసటేడు కోబర్న్, డెబ్బై ఏళ్ళ జడ్జి, లార్డ్ ప్రొవోస్ట్‌కి, అంటే మేయర్‌కి, బహిరంగ లేఖ అచ్చేశాడు. దాని పేరు 'ఎడిన్‌బరా అందాన్ని చెడగొట్టడానికి మేలైన మార్గాలు' అన్న అర్థంలో ఉంటుంది. సర్కారు జడ్జి మున్సిపాలిటీని అలా వెటకారం చేస్తే ఇవాళ ఏమవుతుందో చెప్పలేను. ఆయన పోయాక, 1875లో, ఊరి రూపాన్ని కాపాడ్డానికి పెట్టిన సంఘానికి ఆయన పేరే పెట్టారు. కోబర్న్ అసోసియేషన్ ఇప్పటికీ ప్లానింగ్ దరఖాస్తుల మీద అభ్యంతరాలు రాస్తూనే ఉంది.

మరి మీ వీధి? స్టేషన్‌కి దారి కావాలని, పాత సందులు కొన్నింటిని నరికి, ఆయన పోయిన రెండేళ్ళకి, 1856లో కట్టడం మొదలుపెట్టారు. బతికుంటే దాని మీదా ఓ లేఖ రాసేవాడని నా అనుమానం.

ఇక సంతానం, మీరడిగిన రెండో సంబంధం. ముందు హెన్రీ సోదరుడు రాబర్ట్, ద్రాక్షసారా వ్యాపారంలోకి వెళ్ళి 1815లో పోర్చుగల్‌లో కంపెనీ పెట్టాడు. సూపర్ మార్కెట్లో కోబర్న్స్ పోర్ట్ అనే ద్రాక్షసారా సీసా కనబడితే అదే. హెన్రీ కొడుకుల్లో ఒకడికి స్నేహితుడి పేరే పెట్టుకున్నాడు, ఫ్రాన్సిస్ జెఫ్రీ కోబర్న్ అని. అతను ఇండియా ఉద్యోగానికి వెళ్ళాడు. డండాస్ తెరిచిన తలుపులోంచే డండాస్‌ని ఎదిరించినవాడి కొడుకూ నడిచాడు. ఆ రోజుల్లో స్కాట్లండ్ మధ్యతరగతి ఇళ్ళలో అది వింతేం కాదు, మన ఇళ్ళలో ఒకడు అమెరికాలో ఉన్నట్టే. అతని కొడుకు, తాత పేరే పెట్టుకున్న హెన్రీ, కలకత్తాలో పుట్టి, చైనాలోనూ కొరియాలోనూ బ్రిటిష్ దౌత్యాధికారి అయ్యాడు. అతని కొడుకు క్లాడ్ కోబర్న్ 1904లో పెకింగ్‌లో పుట్టి, సర్కార్లకి కంట్లో నలుసైన కమ్యూనిస్టు పత్రికారచయిత అయ్యాడు. క్లాడ్ కొడుకులు అలెగ్జాండర్, ఆండ్రూ, పాట్రిక్ ముగ్గురూ జర్నలిస్టులే. మరో శాఖలో ఇంగ్లిష్ నవలాకారుడు ఈవ్‌లిన్ వా ఉన్నాడు, రాజకీయాల్లో క్లాడ్‌కి సరిగ్గా అటు చివర. లార్డ్ కోబర్న్ అతనికి ముత్తాత తండ్రి.

1854 ఏప్రిల్‌లో సర్క్యూట్ కోర్టుకి ఎయిర్ పట్నం వెళ్ళాడు, అదే ఆఖరుది. ఆ నెలలోనే బొనాలీలో పోయాడు. డీన్ శ్మశానంలో, నాలుగేళ్ళ ముందు పోయిన జెఫ్రీకి దగ్గర్లోనే, పూడ్చారు.

వీలుంటే ఏదో ఒక పనిదినాన పార్లమెంట్ హాల్‌కి వెళ్ళండి. గుమ్మం దగ్గర సంచీ తనిఖీ చేసి లోపలికి వదులుతారు, టికెట్ లేదు. పైన ఓక్ దూలాల కప్పు, కింద ఇద్దరిద్దరు వకీళ్ళు ఈ చివర్నుంచి ఆ చివరికి మాట్లాడుకుంటూ నడుస్తూ కనిపిస్తారు, పక్కవాళ్ళకి వినపడకూడదని. కోబర్న్, జెఫ్రీ అలాగే నడిచేవాళ్ళు. బెంచీ మీద కూర్చుని చూడండి, ఎవరూ ఏమనరు. ఫోన్ మాత్రం తీయకండి, ఫొటోలకి ఒప్పుకోరు.